పాత హార్డ్ డిస్క్‌లోని విండోస్‌ని ఉన్నదున్నట్టు కొత్త ఎస్‌ఎస్‌డిలోకి మార్చుకోవడం ఎలా

లాప్‌టాప్ ఆన్ చేసి, టీ పెట్టుకుని వచ్చినా ఆ చుక్కలు ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయంటే, కొత్తది కొనే ఆలోచన కాసేపు పక్కన పెట్టండి. ముందు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. డిస్క్ అని ఉన్న గడి మీరేమీ చేయకుండానే 100 శాతం దగ్గర నిలబడిపోయి, ప్రాసెసర్ మాత్రం దాదాపు ఖాళీగా ఉంటే, ఇబ్బందంతా ఆ తిరిగే హార్డ్ డిస్క్‌దే. దాని స్థానంలో ఎస్‌ఎస్‌డి, అంటే తిరిగే భాగాలేవీ లేకుండా చిప్‌ల మీద నడిచే డిస్క్, పెడితే అదే లాప్‌టాప్ ఇంకొన్నేళ్లు హాయిగా నడుస్తుంది.

విండోస్ మళ్లీ మొదటి నుంచి ఎక్కించుకోండి అని సలహా ఇవ్వడం తేలికే, కానీ అది అందరికీ కుదరదు. డీటీపీ, అంటే పేజీలు కంపోజ్ చేసే పని, చేసేవాళ్ల సిస్టమ్‌లో అనూ ఫాంట్లు, పేజ్‌మేకర్ ఎప్పుడో ఎవరో వేసి ఇచ్చినవి ఉంటాయి, ఆ సీడీ ఎక్కడుందో ఎవరికీ తెలీదు. బెంగళూరు చిక్‌పేటలో బట్టల షాపు నడిపేవాళ్లకి లెక్కలు రాసుకునే టాలీ ఒక్క పూట ఆగినా కష్టమే. ఇలాంటప్పుడు చేయాల్సింది క్లోన్, అంటే పాత డిస్క్‌లో ఏది ఎక్కడుందో అలాగే కొత్త డిస్క్‌లోకి దించేయడం. విండోస్‌లో వైరస్ పట్టి ఉన్నా, నీలి తెరలు తరచూ వస్తున్నా మాత్రం క్లోన్ చేయకండి, ఆ జబ్బు కూడా అలాగే వస్తుంది. అప్పుడు కొత్తగా ఎక్కించుకోవడమే మంచిది.

ఐటీ ఆఫీసుల ఊరు బెంగళూరులో ఉన్నాం కాబట్టి ఇది గట్టిగా చెప్పాలి, ఆఫీసు వాళ్లు ఇచ్చిన లాప్‌టాప్ మీద ఈ పని చేయొద్దు. ఎంత నెమ్మదిగా ఉన్నా సరే. అందులో ఎన్‌క్రిప్షన్, అంటే డేటాని ఎవరూ చదవకుండా తాళం వేయడం, ఉంటుంది, దాని తాళం ఐటీ టీమ్ దగ్గర ఉంటుంది, స్క్రూ విప్పినా జవాబు చెప్పుకోవాలి. వాళ్లకి టికెట్ వేయండి, అంటే ఫిర్యాదు నమోదు చేయండి, వాళ్లే మారుస్తారు.

ఏ ఎస్‌ఎస్‌డి కొనాలి

కొనే ముందే మీ లాప్‌టాప్‌లో ఏది పడుతుందో తెలుసుకోవాలి. మోడల్ నంబర్ కింద స్టిక్కర్ మీద ఉంటుంది, దాన్ని కంపెనీ సైట్‌లో కొట్టి సర్వీస్ మాన్యువల్ దించుకోండి. చాలావరకు మూడు రకాలే తగులుతాయి. పాత లాప్‌టాప్ అయితే రెండున్నర అంగుళాల సాటా, సాటా అంటే డిస్క్‌ని లాప్‌టాప్‌కి కలిపే పాత పద్ధతి. ఇది హార్డ్ డిస్క్ ఉన్న చోటే, అదే కనెక్టర్‌కి సరిపోతుంది. కాస్త కొత్తదైతే ఎం.2 స్లాట్ ఉంటుంది, చూయింగ్ గమ్ పొట్లం అంత సన్నటి కార్డు అందులో కూర్చుంటుంది. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఎం.2 అనేది ఆకారం పేరు మాత్రమే, అందులో సాటా రకం ఉంది, ఎన్‌వీఎంఈ అనే ఇంకా వేగమైన కొత్త రకం ఉంది. కార్డు బంగారు రంగు అంచుని దగ్గరగా చూడండి. రెండు గాట్లు ఉంటే ఎక్కువగా సాటా, ఒక్కటే గాటు ఉంటే సాధారణంగా ఎన్‌వీఎంఈ. రెండు గాట్లతోనే కొన్ని ఎన్‌వీఎంఈ కార్డులు కూడా వచ్చాయి, కాబట్టి గాట్లు లెక్కపెట్టి వదిలేయకుండా పెట్టె మీద రాసింది చదివి, మీ స్లాట్ ఏ రకం తీసుకుంటుందో మాన్యువల్‌లో చూసుకున్నాకే డబ్బులు కట్టండి. పొడవు కూడా చూడాలి. 2280 అని రాసి ఉంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు అని. కొన్ని చిన్న లాప్‌టాప్‌లలో 2242 మాత్రమే పడుతుంది.

వేగం గురించి ఎక్కువ ఆలోచించొద్దు. సాటా ఎస్‌ఎస్‌డి సెకనుకి 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, ఎన్‌వీఎంఈ అంతకు ఎన్నో రెట్లు. అయినా హార్డ్ డిస్క్ నుంచి వచ్చేవాళ్లకి రెండింటిలో ఏది పెట్టినా తేడా మొదటి రోజే తెలుస్తుంది. ఎంత సైజు కొనాలో మాత్రం ఆలోచించండి. మీ పాత డిస్క్ 1 టీబీ అయినా నిజంగా వాడుకుంది 200 జీబీ లోపే అయితే 500 జీబీ సరిపోతుంది. కాకపోతే పెద్ద డిస్క్ నుంచి చిన్న డిస్క్‌లోకి మార్చడం కొంచెం ఎక్కువ పని. అదే సైజు గానీ పెద్దది గానీ కొనగలిగితే సగం టెన్షన్ తగ్గుతుంది.

కంప్యూటర్ సామాన్ల షాపులుండే ఎస్.పి.రోడ్‌కి వెళ్లి కొంటానంటే చిక్‌పేట మెట్రో స్టేషన్‌లో దిగి నడవొచ్చు. ఆదివారం చాలా షాపులు మూసి ఉంటాయి, శనివారం మధ్యాహ్నం లోపు వెళ్లడం మంచిది. రెండు మూడు షాపుల్లో ధర అడగండి, కన్నడ రాకపోయినా పర్లేదు. బిల్లు లేకుండా ఇంత తగ్గిస్తాం అంటే ఒప్పుకోవద్దు. జీఎస్టీ 18 శాతం పడినా సరే బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి, ఎస్‌ఎస్‌డి వారంటీ మూడేళ్లో ఐదేళ్లో ఉంటుంది, ఆ కాగితం అప్పుడు కావాలి. పనిలో పనిగా ఎస్‌ఎస్‌డిని యూఎస్‌బీకి తగిలించే కేబుల్ గానీ, ఎస్‌ఎస్‌డి లోపల కూర్చునే చిన్న పెట్టె, ఎన్‌క్లోజర్ గానీ తీసుకోండి. సాటాకి వేరే, ఎన్‌వీఎంఈకి వేరే, అడిగి తీసుకోవాలి. పని అయ్యాక పాత డిస్క్ బయటికి వస్తుంది కాబట్టి సాటా కేబుల్ అయితే దానికీ పనికొస్తుంది.

క్లోన్ చేసే ముందు

క్లోన్ బటన్ నొక్కడానికి ఒక్క క్షణం పడుతుంది. ఈ పని బాగా జరిగిందా లేదా అన్నది మాత్రం దానికి ముందు మీరు చేసుకున్న ఏర్పాట్ల మీద ఉంటుంది, కాబట్టి ఇక్కడ తొందర వద్దు.

మొట్టమొదట పాత డిస్క్ ఆరోగ్యం చూడండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్‌ఫో అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, వేసుకుని తెరిస్తే పైన గుడ్ అనో కాషన్ అనో చూపిస్తుంది. పసుపు రంగులో కాషన్ అని ఉంటే కింద రీఎలొకేటెడ్ సెక్టార్స్, కరెంట్ పెండింగ్ సెక్టార్ అనే రెండు వరసలు చూడండి. వాటి చివర రా వాల్యూస్ అనే గడిలో సున్నా కాకుండా ఏదైనా అంకె ఉంటే డిస్క్ అరిగిపోతోందని అర్థం. అప్పుడు క్లోన్ సంగతి తర్వాత, ముందు మీ ఫైళ్లు బయటికి తీసుకోండి.

గుడ్ అని చూపించినా ఫైళ్లు వేరే చోట పెట్టుకోవడం మానొద్దు. పిల్లల ఫొటోలు, ఇంటి రిజిస్ట్రేషన్ స్కాన్‌లు, టాలీ డేటా ఫోల్డర్, ఇన్‌కమ్ టాక్స్ కాగితాలు, ఇలా పోతే మళ్లీ రానివన్నీ పోర్టబుల్ డిస్క్‌లోకో క్లౌడ్‌లోకో కాపీ చేయండి. చేసి ఊరుకోకుండా అందులోంచి రెండు మూడు తెరిచి చూడండి. టాలీ లైసెన్స్ కంప్యూటర్‌కి ముడిపడి ఉంటుంది, డిస్క్ మార్చే ముందే దాన్ని సరెండర్ చేసి, కొత్త డిస్క్ మీద మళ్లీ యాక్టివేట్ చేసుకుంటే గొడవ ఉండదు. విండోస్ లైసెన్స్ గురించి భయపడక్కర్లేదు. డిజిటల్ లైసెన్స్ ప్రధానంగా మదర్‌బోర్డ్‌ని చూసి గుర్తుపడుతుంది, డిస్క్ ఒక్కటి మారిస్తే పోదు.

తర్వాత ఎన్‌క్రిప్షన్. మాకు అలాంటిదేం లేదు అనుకోకండి, హోమ్ ఎడిషన్‌లో కూడా డివైస్ ఎన్‌క్రిప్షన్ పేరుతో తనంతట తానే ఆన్ అయి ఉండొచ్చు. సెట్టింగ్స్‌లో సెర్చ్ పెట్టెలో ఆ పేరు కొట్టండి. ఆన్‌లో ఉంటే ముందు 48 అంకెల రికవరీ కీని మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోంచి తీసి కాగితం మీద రాసుకోండి, అదే లాప్‌టాప్‌లో సేవ్ చేసుకుంటే అవసరమైనప్పుడు దొరకదు. తర్వాత ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేసి అది పూర్తిగా విప్పుకునే దాకా ఆగండి. హార్డ్ డిస్క్ మీద గంటలు పట్టొచ్చు, రాత్రి ఛార్జర్ పెట్టి వదిలేయండి. ఆఫ్ చేయకుండా క్లోన్ చేస్తే సాఫ్ట్‌వేర్‌కి ఏది ఫైలో ఏది ఖాళీ చోటో తెలీదు కాబట్టి ఖాళీ జాగాతో సహా మొత్తం డిస్క్ కాపీ చేస్తూ కూర్చుంటుంది.

ఇంకో చిన్న పని. కంట్రోల్ పానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ అనే టిక్ తీసేయండి. అది ఉంటే మీరు షట్‌డౌన్ కొట్టినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది, ఆ స్థితిలో డిస్క్‌ని బయటి నుంచి ముట్టుకోకూడదు. పెండింగ్ అప్‌డేట్లుంటే అవీ పూర్తి చేసి ఒకసారి రీస్టార్ట్ చేయండి.

చివరిగా స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. మీకు కనిపించే సి డ్రైవ్ ఒక్కటే కాకుండా దాని ముందు ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్ అని 100 నుంచి 260 ఎంబీ ఉన్న చిన్న ముక్క, చివర రికవరీ పార్టిషన్ అని ఇంకో ముక్క కనిపిస్తాయి. లాప్‌టాప్ ఆన్ అయ్యేది ఆ చిన్న ముక్కలోంచే. సి డ్రైవ్‌లోని ఫోల్డర్లన్నీ కాపీ పేస్ట్ చేసేస్తే సరిపోతుంది కదా అనుకునేవాళ్లు ఉన్నారు. అది సామానంతా కొత్త ఇంటికి చేర్చి తాళంచెవి పాత ఇంట్లో వదిలేసి రావడం లాంటిది. అన్ని ముక్కలూ కలిసి వెళ్లాలి. ఈ స్క్రీన్‌ని ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి, తర్వాత పోల్చుకోవడానికి పనికొస్తుంది.

కొత్తది ఎన్‌వీఎంఈ అయి, మీ పాత విండోస్ లెగసీ అనే పాతకాలపు పద్ధతిలో ఆన్ అవుతుంటే ఒక మెట్టు అదనం. సిస్టమ్ ఇన్‌ఫర్మేషన్‌లో బయోస్ మోడ్ అనే వరసలో యూఈఎఫ్ఐ అని ఉంటే అది కొత్త పద్ధతే, ఏమీ అక్కర్లేదు. లెగసీ అని ఉంటే, బయోస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగ్స్ తెరలో, యూఈఎఫ్ఐ ఉందో లేదో ముందు చూసుకుని, విండోస్ 10లో 1703 వెర్షన్ నుంచి వస్తున్న ఎంబీఆర్‌టూజీపీటీ అనే పరికరంతో డిస్క్‌ని జీపీటీ అనే కొత్త పార్టిషన్ పద్ధతికి మార్చుకోవాలి. ఇదంతా చదివి తల తిరుగుతుంటే సాటా ఎస్‌ఎస్‌డి కొనుక్కోండి, దానికి ఈ బాధ లేదు.

క్లోన్

ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి అంటే నా లెక్క ఇది. కొత్త డిస్క్ పాతదానికన్నా చిన్నదైతే, ఎస్‌ఎస్‌డి కంపెనీ ఇచ్చే పరికరమే వాడండి. సామ్‌సంగ్ అయితే వాళ్లదే డేటా మైగ్రేషన్ ఉంది, క్రూషియల్, కింగ్‌స్టన్, డబ్ల్యూడీ వాళ్లు ఆక్రోనిస్ అనే క్లోన్ సాఫ్ట్‌వేర్ ఇస్తారు. ఇవి పార్టిషన్లను వాటంతటవే కుదించి సర్దుతాయి. కొత్తది అదే సైజు గానీ పెద్దది గానీ అయితే రెస్క్యూజిల్లా ఉచితం, పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తుంది, ఆ సమయంలో విండోస్ అసలు నడవదు కాబట్టి కాపీ శుభ్రంగా వస్తుంది. పాత వీడియోల్లో మేక్రియం రిఫ్లెక్ట్ ఫ్రీ అని ఇప్పటికీ చెబుతుంటారు, ఆ ఉచిత వెర్షన్‌కి 2024 జనవరి 1తో సపోర్ట్ ఆపేశారు. ఫ్రీ అని రాసి చివరి క్లిక్ దగ్గర డబ్బులడిగేవి కూడా చాలా ఉన్నాయి, వాటి వెంట పడొద్దు.

రెస్క్యూజిల్లా పద్ధతి చెబుతాను. దాని ఐఎస్ఓ ఫైల్, అంటే మొత్తం ఒకే ఫైల్‌గా చుట్టి ఇచ్చింది, దించుకుని, రూఫస్ గానీ బలేనా ఎచర్ గానీ అనే సాఫ్ట్‌వేర్‌తో ఖాళీ పెన్‌డ్రైవ్‌లోకి రాయండి. అందులో ఉన్నవి పోతాయి. కొత్త ఎస్‌ఎస్‌డిని యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించండి, నీలం రంగు పోర్ట్ ఉంటే అందులోనే, అది యూఎస్‌బీ 3. లాప్‌టాప్‌కి ఛార్జర్ పెట్టండి. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ లేకుండా మొదలుపెట్టొద్దు, మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచే. వేరే డిస్కులు, పెన్‌డ్రైవ్‌లు, ఫోన్ ఏవి తగిలించి ఉన్నా పీకేయండి, ముఖ్యంగా బ్యాకప్ తీసుకున్న పోర్టబుల్ డిస్క్‌ని.

ఆన్ చేస్తూ, ఏ డిస్క్ నుంచి మొదలవ్వాలో (బూట్ అవ్వాలో) అడిగే బూట్ మెనూ కీ నొక్కుతూ ఉండండి. డెల్, లెనోవోలలో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్. పెన్‌డ్రైవ్ ఎంచుకుంటే ఒక మామూలు డెస్క్‌టాప్ వస్తుంది, అందులో రెస్క్యూజిల్లా తెరిచి క్లోన్ అనే బటన్ నొక్కండి.

ఇక్కడ ఆగండి. సోర్స్ డ్రైవ్ ఏది అని అడుగుతుంది, తర్వాత డెస్టినేషన్ ఏది అని. ఈ రెండూ తారుమారైతే ఖాళీ ఎస్‌ఎస్‌డి వచ్చి మీ విండోస్ మీద కూర్చుంటుంది, దాన్ని వెనక్కి తిప్పే బటన్ లేదు. డిస్క్ ఒకటి, డిస్క్ రెండు అన్న వరస నంబర్లని నమ్మకండి. సైజు, మోడల్ పేరు చదవండి. 1 టీబీ డిస్క్ చాలాచోట్ల 931 జీబీ అని, 500 జీబీది 465 జీబీ అని కనిపిస్తుంది, కంగారు పడకండి, లెక్క వేసే పద్ధతి తేడా అంతే. రెండూ ఒకే సైజు అయితే మోడల్ నంబర్‌ని ఎస్‌ఎస్‌డి స్టిక్కర్‌తో అక్షరం అక్షరం పోల్చండి. ఇంకో గుర్తు కూడా ఉంది, సోర్స్ కింద పార్టిషన్లు బారుగా కనిపిస్తాయి, కొత్తదాని కింద ఏమీ ఉండవు. పక్కన ఎవరైనా ఉంటే పిలిచి చదివించండి, రెండో కన్ను చూస్తే నష్టం లేదు.

పార్టిషన్లన్నింటికీ టిక్ ఉంచి, ఏ ముక్క ఎక్కడుందో చెప్పే పార్టిషన్ టేబుల్‌ని కూడా రాయమని చెప్పి, చివరి హెచ్చరిక చదివి ముందుకెళ్లండి. 200 జీబీ డేటాకి డిస్క్ సెకనుకి 100 ఎంబీ ఇస్తే అరగంట పైన పడుతుంది, అలసిన డిస్క్ అయితే రెండు మూడు గంటలు కూడా పట్టొచ్చు. శాతం కదలట్లేదని కేబుల్ కదిలించొద్దు.

డిస్క్ మార్చడం

పూర్తయ్యాక షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసి, లాప్‌టాప్ బోర్లా పెట్టండి. స్క్రూలు అన్నీ ఒకే పొడవు ఉండవు. తెల్లకాగితం మీద లాప్‌టాప్ బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో ఆ చోటే పెడుతూ పోండి. పొడవుది పొట్టిదాని చోట బిగిస్తే కీబోర్డ్ వైపు పొడుచుకొస్తుంది. కొన్ని రబ్బరు కాళ్ల కింద దాక్కుని ఉంటాయి. మూత తెరవడానికి ఇనుప స్క్రూడ్రైవర్ బదులు గట్టి ప్లాస్టిక్ కార్డు వాడండి. తెరవగానే మొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి, ఆ తర్వాతే ఏదైనా. ఎం.2 కార్డుని కాస్త ఏటవాలుగా స్లాట్‌లోకి తోస్తే దానంతట అదే పైకి లేచి నిలబడుతుంది, వేలితో మెల్లగా కిందికి నొక్కి చివర చిన్న స్క్రూ బిగించండి. ఆ స్క్రూ లాప్‌టాప్‌లో లేకపోతే దాని కోసం మళ్లీ తిరగాలి, కొనేటప్పుడే అడిగి తెచ్చుకోండి. విప్పడం మీ వల్ల కాదనిపిస్తే షాపులో ఇవ్వండి, తప్పేం లేదు, కాకపోతే పక్కనే నిలబడి చేయించుకోండి, లాప్‌టాప్ వదిలి రావద్దు.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు పాత డిస్క్ లోపల ఉండకూడదు. రెండింటికీ ఇప్పుడు ఒకే గుర్తింపు సంఖ్య ఉంది, రెండూ ఉంటే ఏది బూట్ అయ్యిందో మీకే తెలీదు, పాతదాంతోనే నడుస్తూ కొత్తదని మురిసిపోయే ప్రమాదం ఉంది.

నో బూటబుల్ డివైస్ అని వస్తే బయోస్‌లోకి వెళ్లి బూట్ వరసలో విండోస్ బూట్ మేనేజర్ పైన ఉందో చూడండి. ఉన్నా రాకపోతే విండోస్ ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి, రిపేర్‌లోకి వెళ్లి స్టార్టప్ రిపేర్ నడపండి. సాటా నుంచి ఎన్‌వీఎంఈకి మారినప్పుడు ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్ అనే నీలి తెర వస్తుంటుంది. దానికి, రెండు మూడుసార్లు అలా ఆగిపోయాక విండోస్ తానే చూపించే రిపేర్ తెరలోంచి స్టార్టప్ సెట్టింగ్స్ ద్వారా ఒక్కసారి సేఫ్ మోడ్‌లోకి వెళ్లండి, అక్కడ కొత్త డిస్క్ డ్రైవర్ పట్టుకుంటుంది, మామూలుగా రీస్టార్ట్ చేస్తే చాలావరకు సర్దుకుంటుంది. బయోస్‌లో ఏహెచ్‌సీఐ, ఆర్‌ఎస్‌టీ అనే స్టోరేజ్ సెట్టింగ్ కనిపిస్తే పాత డిస్క్‌కి ఏది ఉందో అదే ఉంచండి, దాన్ని మార్చినా ఇదే నీలి తెర వస్తుంది.

డెస్క్‌టాప్ వచ్చాక ఫోన్‌లో తీసిన ఫొటోతో డిస్క్ మేనేజ్‌మెంట్ పోల్చండి. పెద్ద డిస్క్ కొన్నవాళ్లకి చివర్లో అనెలొకేటెడ్ అని నల్లటి చోటు మిగిలి ఉంటుంది. సి మీద రైట్ క్లిక్ చేస్తే ఎక్స్‌టెండ్ వాల్యూమ్ వెలగకపోతే కారణం మధ్యలో రికవరీ పార్టిషన్ అడ్డం ఉండడమే, రెస్క్యూజిల్లా పెన్‌డ్రైవ్‌లోనే ఉన్న జీపార్టెడ్‌తో దాన్ని చివరికి జరిపి సిని పెంచుకోండి. డీఫ్రాగ్‌మెంట్ అండ్ ఆప్టిమైజ్ డ్రైవ్స్‌లో కొత్త డిస్క్ పక్కన సాలిడ్ స్టేట్ డ్రైవ్ అని ఉండాలి. ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేసినవాళ్లు మళ్లీ ఆన్ చేసుకోండి.

ఉబుంటు లినక్స్ కూడా అదే డిస్క్‌లో పక్కన ఉంటే పై పద్ధతిలో అదీ వచ్చేస్తుంది, పార్టిషన్ల గుర్తింపు సంఖ్యలు (యూయూఐడీలు) కూడా అవే కాబట్టి ఏ పార్టిషన్ ఎక్కడ తెరవాలో రాసి ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైల్‌లో ఏమీ మార్చక్కర్లేదు. అదే కారణంతో పాత డిస్క్‌ని పక్కన తగిలించి ఉబుంటు బూట్ చేయకండి.

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ అయిపోయింది, ఎస్‌ఎస్‌డి పెట్టినంత మాత్రాన అది మారదు. మీ ప్రాసెసర్ విండోస్ 11కి పనికొస్తే, ముందు క్లోన్ చేసి కొన్నాళ్లు చూసి, ఆ తర్వాత అప్‌గ్రేడ్ చేయండి, రెండూ ఒకే రోజు పెట్టుకోవద్దు. ఏదైనా తేడా వస్తే దేనివల్ల వచ్చిందో తేల్చుకోలేరు.

ఇక పాత డిస్క్. దాని మీద తేదీ రాసి కనీసం నెల రోజులు బీరువాలో పడేయండి. ఫార్మాట్ చేసి అదనపు స్టోరేజ్‌గా వాడుకుందామని వెంటనే చేతులు దురద పెడతాయి, ఆగండి. జీతాల రోజు, జీఎస్టీ ఫైలింగ్ తేదీ, ప్రింటర్ వాడే రోజు, ఇవన్నీ ఒకసారి కొత్త డిస్క్ మీద గడవాలి. ఆ మధ్యలో దాన్ని యూఎస్‌బీతో తగిలిస్తే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆఫ్‌లైన్ అని, సిగ్నేచర్ కొలిజన్ (రెండు డిస్కులకీ ఒకే గుర్తింపు సంఖ్య ఉంది) అని చూపించొచ్చు. ఆన్‌లైన్ అని నొక్కితే విండోస్ దానికి కొత్త గుర్తింపు సంఖ్య రాస్తుంది, ఆ తర్వాత అవసరమై దాన్ని తిరిగి లోపల పెట్టినా బూట్ కాకపోవచ్చు. అందుకని నెల తిరిగే దాకా దాన్ని తగిలించకపోవడమే మేలు.

నెల గడిచాక అమ్మేద్దామనుకుంటే క్విక్ ఫార్మాట్ అనే టిక్ తీసేసి పూర్తి ఫార్మాట్ చేయండి. అప్పుడు విండోస్ ఆ పార్టిషన్ మొత్తం మీద సున్నాలు రాస్తుంది. టీబీ డిస్క్‌కి కొన్ని గంటలు పడుతుంది. క్విక్ ఫార్మాట్‌తో ఇస్తే కొన్నవాళ్లు ఉచిత సాఫ్ట్‌వేర్‌తోనే మీ ఆధార్ కాపీలు, ఫొటోలు బయటికి తీయగలరు.